శంషాబాద్ నుంచి డాలస్‌కి ఎంత దూరం, ఎన్ని గంటలు: మీరే లెక్క కట్టుకోవడం ఎలా

హైదరాబాద్ నుంచి డాలస్‌కి ఎంతసేపు పడుతుందని అడిగితే ఒకరు 20 గంటలంటారు, ఇంకొకరు 23 అంటారు, మరొకరు ఒకటిన్నర రోజంటారు. ముగ్గురి మాటా నిజమే. మొదటివాళ్లు విమానంలో ఉన్న గంటలే చెప్పారు, రెండోవాళ్లు మధ్యలో ఆగిన సమయం కూడా కలిపారు, మూడోవాళ్లు ఇంటి గడప నుంచి ఇంటి గడప దాకా లెక్కేశారు. దూరం సంగతీ అంతే. 14,420 కిలోమీటర్లు, 15,465 కిలోమీటర్లు, 17,680 కిలోమీటర్లు అని మూడు అంకెలు కనిపిస్తాయి. మూడూ మూడు వేర్వేరు దార్ల కొలతలు.

టికెట్ కొనేముందు ఏ దారి మేలో తేల్చుకోవాలన్నా, ఒంటరిగా వెళ్తున్న అమ్మానాన్నలకు ఏ రోజు ఎన్నింటికి దిగుతారో చెప్పాలన్నా ఈ అంకెలు ఎలా వస్తాయో తెలిస్తే చాలు. ఇక్కడ శంషాబాద్–డాలస్ జంటను తీసుకుని మొదటి నుంచి చివరిదాకా లెక్క చేసి చూపిస్తున్నాం. ఏ రెండు ఊళ్లకైనా ఇదే పద్ధతి.

1. ముందు విమానాశ్రయాన్ని ఖాయం చేసుకోండి

లెక్క తప్పడం ఎక్కువగా ఇక్కడే మొదలవుతుంది. వెతికే చోట ఊరి పేరు కొట్టకండి, మూడక్షరాల కోడ్ కొట్టండి. శంషాబాద్ కోడ్ హెచ్‌వైడీ. పాకిస్తాన్‌లోని సింధ్‌లోనూ హైదరాబాద్ ఉంది, దాని కోడ్ హెచ్‌డీడీ. పేరు మాత్రమే ఇస్తే కొన్ని సైట్లు దాన్ని పట్టుకుంటాయి. 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యేదాకా వాడిన బేగంపేట కూడా పాత జాబితాల్లో ఇంకా కనిపిస్తుంది.

అటు డాలస్‌లోనూ రెండున్నాయి. విదేశాల నుంచి వచ్చే విమానాలు దిగేది డాలస్–ఫోర్ట్‌వర్త్‌లో, కోడ్ డీఎఫ్‌డబ్ల్యూ. ఊరికి దగ్గరగా ఉన్న లవ్ ఫీల్డ్ కోడ్ డీఏఎల్, అది అమెరికా లోపలి విమానాలకు. హ్యూస్టన్, న్యూయార్క్, లండన్ లాంటి ఊళ్లకూ ఒకటికి మించి విమానాశ్రయాలు ఉన్నాయి కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త కావాలి.

తర్వాత రెండు చోట్ల అక్షాంశ, రేఖాంశాలు రాసుకోండి. శంషాబాద్: 17.2403 ఉత్తరం, 78.4294 తూర్పు. డాలస్–ఫోర్ట్‌వర్త్: 32.8998 ఉత్తరం, 97.0403 పడమర. మీకు దొరికినవి డిగ్రీలు, నిమిషాలు, సెకన్లలో ఉంటే నిమిషాలను 60తో, సెకన్లను 3600తో భాగించి డిగ్రీలకు కలపండి. 17 డిగ్రీల 14 నిమిషాల 25 సెకన్లు అంటే 17 + 0.2333 + 0.0069, అంటే 17.2403. దక్షిణ అక్షాంశాలకు, పడమటి రేఖాంశాలకు ముందు మైనస్ గుర్తు పెట్టండి. కాబట్టి డాలస్ రేఖాంశం −97.0403 అవుతుంది.

2. నేరు దూరం లెక్క

గోడమీద వేలాడే ప్రపంచ పటంలో హైదరాబాద్ నుంచి డాలస్‌కి స్కేలు పెట్టి గీత గీస్తే అది అరేబియా, సహారా ఎడారి, అట్లాంటిక్ మీదుగా పోతుంది. విమానానికి అది చుట్టుదారి. గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి సాగదీసినప్పుడు ధ్రువాల వైపు ప్రాంతాలు బాగా పెద్దవై కనిపిస్తాయి, అందుకే అటువైపు పోయే దగ్గరదారి పటంలో దూరంగా అనిపిస్తుంది. ఇంట్లో పిల్లల గ్లోబు ఉంటే ఒక దారం తీసుకుని రెండు ఊళ్ల మధ్య బిగించి చూడండి. దారం ఉత్తరానికి జారి దాదాపు ధ్రువం పక్కన ఆగుతుంది. అదే నిజమైన దగ్గరదారి.

దీన్ని అంకెల్లో పెట్టడానికి ఫోన్‌లోని సైంటిఫిక్ కాలిక్యులేటర్ చాలు. చాలా ఫోన్లలో ఫోన్‌ను అడ్డంగా తిప్పితే అది వస్తుంది. ముందుగా అది డిగ్రీల్లో ఉందో లేదో చూసుకోండి. రేడియన్లలో ఉంటే వచ్చేదంతా తప్పే.

రెండు అక్షాంశాల సైన్ విలువలు తీసి గుణించండి: 0.2964 × 0.5432 = 0.1610. దీన్ని పక్కన పెట్టుకోండి.

అవే అక్షాంశాల కొసైన్ విలువలు తీసి గుణించండి: 0.9551 × 0.8396 = 0.8019.

రేఖాంశాల తేడా తీయండి: 78.4294 − (−97.0403) = 175.4697. దీని కొసైన్ −0.9969. దాన్ని పైన వచ్చిన 0.8019తో గుణిస్తే −0.7994.

ఇప్పుడు మొదట పక్కన పెట్టిన 0.1610ని దీనికి కలపండి: −0.6384. దీనికి విలోమ కొసైన్ (కాలిక్యులేటర్‌లో cos⁻¹ మీట) నొక్కితే 129.67 డిగ్రీలు వస్తుంది. భూమి చుట్టుకొలతలో ఒక డిగ్రీకి 111.195 కిలోమీటర్లు. గుణిస్తే 14,419. అంటే గుండ్రంగా 14,420 కిలోమీటర్లు, 8,960 మైళ్లు, 7,786 నాటికల్ మైళ్లు.

మైలు 1.609 కిలోమీటర్లు, నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. విమానయాన పత్రాల్లో, పైలట్ల మాటల్లో నాటికల్ మైళ్లే ఉంటాయి. రెంటినీ కలగలిపితే లెక్కలో 15 శాతం తేడా వచ్చేస్తుంది.

భూమి నడుము దగ్గర కాస్త ఉబ్బి ఉంటుంది కాబట్టి ఈ లెక్కకూ కచ్చితమైన కొలతకూ అర శాతం దాకా తేడా ఉండొచ్చు. ప్రయాణానికి అది పట్టించుకోవాల్సినంత తేడా కాదు. గ్రేట్ సర్కిల్ మ్యాపర్ లాంటి సైట్లో కోడ్‌లు ఇచ్చినప్పుడు మీ అంకెకు కొద్దిగా అటూ ఇటూగా వస్తే మీ లెక్క సరైనదే.

వచ్చిన అంకె తప్పో ఒప్పో వెంటనే పసిగట్టడానికి రెండు గుర్తులున్నాయి. భూమి మీద ఏ రెండు చోట్ల మధ్య అయినా నేరు దూరం 20,015 కిలోమీటర్లకు మించదు, అంతకన్నా ఎక్కువ వస్తే ఎక్కడో తప్పు జరిగింది. రెండోది, అమెరికా ఊరికి రెండు మూడు వేల కిలోమీటర్లే వచ్చిందంటే మైనస్ గుర్తు మర్చిపోయారు. డాలస్‌కి 97.0403ని మైనస్ లేకుండా వేస్తే 2,551 కిలోమీటర్లు వస్తుంది. అది టిబెట్ పీఠభూమి మీద ఎక్కడో కొండల్లో పడుతుంది.

ఈ నేరు దారి ఎక్కడెక్కడి మీదుగా పోతుందో చూస్తే లెక్క మీద నమ్మకం కుదురుతుంది. శంషాబాద్‌లో లేచి నిట్టనిలువు ఉత్తరానికి కేవలం 5 డిగ్రీలు పడమరగా తిరిగితే చాలు. ఢిల్లీ, కారకోరం కొండలు, కజకిస్తాన్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి సుమారు 520 కిలోమీటర్ల పక్కగా ఆర్కిటిక్ సముద్రం దాటి, కెనడాలో హడ్సన్ బే పడమటి అంచు, మిన్నెసోటా మీదుగా డాలస్ చేరుతుంది. పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత పొడవు మాత్రం 17,680 కిలోమీటర్లు. అంటే 3,260 కిలోమీటర్లు ఎక్కువ.

ఆ దారిలో నేరుగా వెళ్లే విమానం ఇప్పుడు లేదు. ఇంత దూరం ఆగకుండా పోగల విమానాలున్నాయి: సింగపూర్–న్యూయార్క్ విమానం 15,300 కిలోమీటర్లకు పైగా ఒక్క ఊపులో పోతుంది, 18 గంటలు దాటుతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్–షికాగో నేరు విమానం మొదలుపెట్టింది, దూరం సుమారు 13,280 కిలోమీటర్లు. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో–బెంగళూరు విమానాన్ని అందరూ మహిళా పైలట్లే ఉత్తర ధ్రువం మీదుగా నడిపించారు, అది దాదాపు 14,000 కిలోమీటర్ల దూరం. షికాగో సర్వీసు తర్వాత ఆగిపోయింది. ధ్రువ దారిలో పోవాలంటే చలికి ఇంధనం గడ్డకట్టకుండా చూసుకోవాలి, అత్యవసరంగా దిగడానికి దగ్గర్లో విమానాశ్రయం ఉండాలి, కిందున్న దేశాల అనుమతి ఉండాలి, సీట్లు నిండాలి. దూరం అందినంత మాత్రాన విమానం నడవదు.

3. మజిలీలు వేసుకుని దూరం కట్టండి

కాబట్టి ఒకచోట ఆగి పోవాలి. ప్రతి ముక్కకూ పైన చెప్పిన లెక్కే విడిగా చేసి కలపండి. శంషాబాద్ నుంచి దుబాయ్ 2,546, దుబాయ్ నుంచి డాలస్ 12,919, మొత్తం 15,465 కిలోమీటర్లు. దోహా మీదుగా అయితే 2,913 + 12,744 = 15,657. లండన్ మీదుగా 7,753 + 7,627 = 15,380.

ఈ మూడు అంకెల్ని పక్కపక్కన పెట్టి చూడండి. లండన్ ఎక్కడో పైనుంది, దుబాయ్ దగ్గరే ఉంది కాబట్టి దుబాయ్ దారే బాగా దగ్గర అని చాలామంది అనుకుంటారు. తీరా చూస్తే రెంటి మధ్య తేడా వంద కిలోమీటర్ల లోపే. నేరు దూరంతో పోలిస్తే మూడు దార్లూ 7 నుంచి 9 శాతమే ఎక్కువ. కాబట్టి డాలస్‌కి గల్ఫా, లండనా అన్నది దూరాన్ని బట్టి తేల్చే విషయం కాదు. గల్ఫ్ దారిలో మొదటి ముక్క చిన్నది, రెండోది ఒకే కూర్చున్న మీద 16 గంటలు. లండన్ దారిలో రెండూ తలా పది గంటలు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు సమానంగా విరిగే దారే మేలని మా అభిప్రాయం. నిద్ర బాగా పట్టేవాళ్లకు ఒక్కటే పొడుగు ముక్క నయం.

ఒక మజిలీ పెట్టుకుంటే దూరం నేరు దూరానికి 10 శాతం లోపు పెరగడం మామూలే. 20 శాతం దాటిందంటే ఆ టికెట్ చవగ్గా ఎందుకుందో అర్థమైనట్టే.

4. దూరాన్ని గంటల్లోకి మార్చడం

ఇక్కడ చేసే పెద్ద పొరపాటు దూరాన్ని 900తో భాగించి ఊరుకోవడం. విమానం ఎత్తుకు చేరాక ఆ వేగంతోనే పోతుంది, కానీ మొదట్లో, చివర్లో కాదు. పైగా గాలి ఊరుకోదు, దారి నేరుగా ఉండదు. వీటన్నిటినీ వరసగా కలుపుకోవాలి.

ముందు దూరాన్ని 4 శాతం పెంచండి. విమానం నేరు గీత మీద పోదు, గాలిలో గీసిన దారుల వెంట పోతుంది, తుఫాను మేఘాల్ని తప్పించుకుంటుంది, మూసిన గగనతలాల చుట్టూ తిరుగుతుంది. చిన్న ముక్కకైతే 5 శాతం పెంచండి.

తర్వాత వేగం. పెద్ద విమానాలైన బోయింగ్ 777, 787, ఎయిర్‌బస్ ఏ350 శబ్ద వేగంలో 84, 85 శాతం దగ్గర నడుస్తాయి. 11 కిలోమీటర్ల ఎత్తున అది గంటకు 890 నుంచి 900 కిలోమీటర్లు. దేశం లోపల తిరిగే ఏ320, 737 లాంటివి 78 శాతం దగ్గర, అంటే గంటకు 830 కిలోమీటర్లు.

దీన్లోంచి గాలి వేగం తీసేయాలి, లేదా కలపాలి. ఉత్తరార్ధగోళంలో పైఎత్తున జెట్ స్ట్రీమ్ గాలులు పడమటి నుంచి తూర్పుకు వీస్తాయి. అమెరికా వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. గల్ఫ్–డాలస్ లాంటి పొడుగు దారికి సగటున గంటకు 40 కిలోమీటర్లు పట్టుకుంటే సరిపోతుంది. అట్లాంటిక్ మీద చలికాలంలో అంతకన్నా ఎక్కువే ఉంటుంది.

చివరగా 30 నిమిషాలు కలపండి. గేటు నుంచి కదిలి రన్‌వే దాకా పోవడం, విమానం పైకెక్కడం, కిందికి దిగడం, మళ్లీ గేటుకు రావడం, వీటికి పోయే అదనపు సమయం ఇది. దుబాయ్, డాలస్ లాంటి రద్దీ చోట్ల ఇంకో పది నిమిషాలు వేసుకోండి.

దుబాయ్–డాలస్ లెక్క చేద్దాం. 12,919 × 1.04 = 13,436 కిలోమీటర్లు. ఎదురుగాలితో వేగం 850. భాగిస్తే 15 గంటల 48 నిమిషాలు. అరగంట కలిపితే 16 గంటల 18 నిమిషాలు. టికెట్ మీద 16 గంటలకు కాస్త అటూ ఇటూ కనిపిస్తుంది. తిరుగు ప్రయాణానికి వేగం 930 వేయండి: 14 గంటల 27 నిమిషాలు, అరగంటతో 14 గంటల 57 నిమిషాలు. అదే దూరం, అదే విమానం, గంటకు పైగా తేడా. వెళ్లేటప్పటి సమయాన్ని చూసి వచ్చేటప్పుడూ అంతే అనుకోకూడదు.

శంషాబాద్–దుబాయ్‌కి 2,546 × 1.05 = 2,673. గాలి తీసేసి గంటకు 860 వేస్తే 3 గంటల 6 నిమిషాలు, అరగంటతో 3 గంటల 36 నిమిషాలు. టికెట్ మీద 3 గంటల 50 నిమిషాల దాకా ఉంటే కంగారుపడొద్దు. విమాన సంస్థలు సమయానికి చేరామని చూపించుకోవడానికి పది పదిహేను నిమిషాలు ముందే కలిపి అచ్చేస్తాయి. ‘ఇరవై నిమిషాలు ముందే దిగాం’ అనిపించడానికి చాలాసార్లు కారణం అదే.

ఈ లెక్క చిన్న దూరాలకు పనికిరాదు. శంషాబాద్ నుంచి విశాఖ 511 కిలోమీటర్లే, కానీ గేటు నుంచి గేటుకు గంటంబావు పడుతుంది. ఎక్కడం దిగడంతోనే సరిపోతుంది కాబట్టి విమానం పూర్తి వేగం అందుకునే సమయమే ఉండదు.

గగనతలం సంగతి ఒక మాట. 2022 ఫిబ్రవరి తర్వాత యూరప్, అమెరికా విమాన సంస్థలకు రష్యా ఆకాశం మూసుకుపోయింది. 2025 ఏప్రిల్ చివరి నుంచి పాకిస్తాన్ గగనతలం భారత విమానాలకు మూసేశారు. దీనివల్ల ఢిల్లీ నుంచి పడమటికి పోయే భారత సంస్థల విమానాలకు దారి బాగా పొడుగైంది, కొన్ని మధ్యలో ఇంధనానికి ఆగాల్సి వచ్చింది. హైదరాబాద్ నుంచి గల్ఫ్‌కి పోయే దారి అరేబియా సముద్రం మీదుగా కాబట్టి ఈ దెబ్బ అంతగా తగల్లేదు. అయితే గల్ఫ్‌కు దాని గొడవలు దానికున్నాయి. 2025 జూన్ 23న ఖతార్ కొన్ని గంటలపాటు ఆకాశం మూసేస్తే దోహా రావాల్సిన విమానాలు ఎక్కడెక్కడో దిగాయి. కాబట్టి పాత వ్యాసంలోని ప్రయాణ సమయాన్ని నమ్మకండి. ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్‌లో మీ విమాన నంబరు కొట్టి గత కొద్ది రోజులుగా ఎప్పుడు లేచింది, ఎప్పుడు దిగింది చూడండి. అన్ని లెక్కలకన్నా అదే గట్టి ఆధారం.

5. గడియారాల తేడా: అంతా యూటీసీలోకి మార్చండి

టికెట్ మీద ఉండేవన్నీ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. రెంటినీ నేరుగా తీసివేస్తే వచ్చేది ప్రయాణ సమయం కాదు. అన్నిటినీ యూటీసీకి, అంటే ప్రపంచమంతటికీ ఒకటిగా పెట్టుకున్న ప్రామాణిక సమయానికి, మార్చుకుని తీసివేస్తే తప్పు రాదు.

భారత సమయం యూటీసీకి 5 గంటల 30 నిమిషాలు ముందు. దుబాయ్ 4 గంటలు ముందు, దోహా 3 గంటలు ముందు. డాలస్ చలికాలంలో 6 గంటలు వెనక, వేసవిలో 5 గంటలు వెనక. అంటే మనకూ డాలస్‌కీ తేడా వేసవిలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర. అమెరికాలో గడియారం మార్చేది మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం. లండన్‌లో మార్చి చివరి ఆదివారం, అక్టోబర్ చివరి ఆదివారం. మధ్యలో ఉండే ఆ కొద్ది వారాల్లో లండన్ మీదుగా వెళ్లేవాళ్లు మామూలు తేడాలతో లెక్కేస్తే గంట తప్పిపోతుంది. దుబాయ్, దోహాల్లో గడియారం ఎప్పుడూ మార్చరు.

ఒక ఉదాహరణ. జులై 10 తెల్లవారుజామున 4:20కి శంషాబాద్‌లో విమానం కదులుతుంది అనుకుందాం. యూటీసీలో అది జులై 9 రాత్రి 22:50. దుబాయ్‌లో ఉదయం 6:40కి ఆగుతుంది, యూటీసీ 02:40. తేడా 3 గంటల 50 నిమిషాలు. మూడు గంటలు ఆగి 9:40కి డాలస్ విమానం, యూటీసీ 05:40. డాలస్‌లో సాయంత్రం 4:50కి గేటు చేరుతుంది, యూటీసీ 21:50. తేడా 16 గంటల 10 నిమిషాలు. మొత్తం 22:50 నుంచి మర్నాటి 21:50 దాకా, సరిగ్గా 23 గంటలు. టికెట్ మీద చూస్తే మాత్రం ‘10న 4:20కి బయల్దేరి, అదే 10న సాయంత్రం 4:50కి దిగారు’ అని పన్నెండున్నర గంటలే కనిపిస్తుంది. దానికి పదిన్నర కలపండి, మళ్లీ 23 వస్తుంది. రెండు పద్ధతుల్లోనూ ఒకే అంకె వస్తే లెక్క సరైనది.

6. తేదీ దగ్గర జాగ్రత్త

శంషాబాద్ నుంచి విదేశీ విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాక, తెల్లవారేలోపు కదులుతాయి. విమానం తప్పిపోవడానికి ఇదీ ఒక కారణం. టికెట్ మీద ‘జులై 10, 04:20’ అని ఉంటే మీరు ఇంట్లోంచి బయల్దేరాల్సింది 9వ తేదీ రాత్రి. 10వ తేదీ పగలంతా సామాను సర్దుకుని ఆ రాత్రి బయల్దేరితే విమానం వెళ్లిపోయి దాదాపు ఒక రోజు అయ్యుంటుంది. టికెట్ రాగానే ఇంట్లో క్యాలెండర్ మీద 9వ తేదీ గడిలోనే ‘ఈ రాత్రి ప్రయాణం’ అని రాయండి.

తిరుగు ప్రయాణంలో చిక్కు ఎదురుకోలు వాళ్లకు. జులై 10 సాయంత్రం 7 గంటలకు డాలస్‌లో ఎక్కితే యూటీసీలో అది జులై 11 00:00. 14 గంటల 50 నిమిషాలకు దుబాయ్, అక్కడ జులై 11 సాయంత్రం 6:50. మూడు గంటల పది నిమిషాలు ఆగి రాత్రి 10కి కదిలి, 3 గంటల 20 నిమిషాల్లో శంషాబాద్. అప్పటికి మన సమయం జులై 12 తెల్లవారుజామున 2:50. డాలస్ నుంచి కొడుకు ఫోన్ చేసి ‘పదో తారీఖు ఎక్కుతున్నా’ అంటే ఇంట్లో పదకొండు అనుకుంటారు, కారు మాట్లాడేది మాత్రం 11 రాత్రి బయల్దేరి 12 తెల్లవారుజామున అందుకునేలా ఉండాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు ‘11 శుక్రవారం రాత్రి తెల్లవారితే 12 శనివారం, 2:50’ అని వారం పేరుతో సహా, మన సమయంలోనే పంపితే గొడవ ఉండదు. వారం ఏదో ఆ ఏటి క్యాలెండర్ చూసి వేయండి.

7. మధ్యలో ఎంతసేపు ఆగాలి

మూడు గంటల ఆగుదల అంటే చేతిలో మూడు గంటలు ఉన్నట్టు కాదు. విమానం గేటుకు చేరాక తలుపు తీసి మీ వరస కదలడానికి పావుగంట, మళ్లీ భద్రతా తనిఖీకి అరగంట, ఒక కాన్‌కోర్స్ (గేట్లు ఉండే భవనం) నుంచి ఇంకోదానికి రైలు లేదా నడక ఇంకో పావుగంట. అటువైపు అమెరికా విమానం ఎక్కించడం గంట ముందే మొదలవుతుంది, గేటు దగ్గర పాస్‌పోర్ట్, వీసా మళ్లీ చూస్తారు, అదనపు తనిఖీలు కూడా ఉండొచ్చు. అంటే మీకు నికరంగా మిగిలేది గంట. మొదటి విమానం గంట ఆలస్యమైతే అదీ పోతుంది. గల్ఫ్‌లో రెండున్నర నుంచి నాలుగు గంటలు ఉన్న టికెట్ ఎంచుకోండి. గంటన్నర ఆగుదలను విమాన సంస్థ అమ్మినా, చక్రాల కుర్చీ అడిగిన పెద్దవాళ్లకు అది కొనకండి.

అబూధాబీ మీదుగా వెళ్తే అమెరికా ఇమిగ్రేషన్ అక్కడే పూర్తవుతుంది, అమెరికాలో దిగాక దేశీయ ప్రయాణికుల్లా బయటికి వచ్చేస్తారు. ఆ వరస అబూధాబీలోనే నిలబడాలి కాబట్టి అక్కడ నాలుగు గంటలు ఉంటే మంచిది.

రెండు ముక్కలూ ఒకే పీఎన్ఆర్ (బుకింగ్ నంబరు) మీద ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది ఆలస్యమైనప్పుడు రెండో టికెట్ డబ్బులు మీవి, బాధ్యత ఎవరిదీ కాదు. సామాను కూడా మధ్యలో తీసుకుని మళ్లీ వేయాలి, దానికి ఆ దేశపు వీసా కావాల్సి రావొచ్చు. ఒకే టికెట్ అయినా ట్రాన్సిట్ వీసా నిబంధన ఒకసారి చూసుకోండి, ముఖ్యంగా యూరప్ మీదుగా వెళ్లేటప్పుడు.

డాలస్‌లో దిగి ఆస్టిన్‌కో, ఒమాహాకో ఇంకో విమానం ఎక్కేవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది: అబూధాబీ లాంటి చోట ముందే పూర్తయితే తప్ప, సాధారణంగా అమెరికాలో మొదట దిగిన చోటే ఇమిగ్రేషన్, అక్కడే పెట్టెలు తీసుకుని కస్టమ్స్ దాటి మళ్లీ అప్పగించాలి. పెట్టె మీద చివరి ఊరి ట్యాగ్ ఉన్నా సరే. దీనికి మూడు గంటలు కావాలి.

8. గడప నుంచి గడపకు

ఇప్పుడు అసలు అంకె కడదాం. విజయవాడ నుంచి బయల్దేరేవాళ్లకు రోడ్డు మీద ఆరు గంటలు, పండగ రోజుల్లో టోల్ గేట్ల దగ్గర ఇంకా ఎక్కువ. శంషాబాద్‌లో మూడు గంటల ముందు ఉండాలి. చెకిన్ కౌంటర్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, ఇమిగ్రేషన్ వరస అర్ధరాత్రి వేళ పొడుగ్గా ఉంటుంది. ప్రయాణం 23 గంటలు. డాలస్‌లో ఇమిగ్రేషన్, పెట్టెలకు గంటన్నర. ఫ్రిస్కోకో ప్లేనోకో కారులో ముప్పావు గంట. మొత్తం 34 గంటల పైచిలుకు. మందుల డబ్బా, తిండి, ఫోన్ చార్జింగ్ అన్నీ ఈ 34 గంటలకు చూసుకోవాలి. వేళకు మందులు వేసుకునేవాళ్లకు భారత సమయంలోనే ఎన్ని మోతాదులు పడతాయో కాగితం మీద రాసిచ్చి, అవి చేతి సంచిలో పెట్టండి, పెట్టెలో కాదు.

బయల్దేరే రోజు ఇంట్లోంచి కదిలేముందు మీరు ఎక్కబోయే విమానం శంషాబాద్‌కి ఎక్కడి నుంచి వస్తోందో యాప్‌లో చూడండి. దుబాయ్ నుంచి వచ్చి తిరిగి అదే దుబాయ్ పోయే విమానమైతే, అది అక్కడ లేచిందో లేదో మూడు గంటల ముందే తెలిసిపోతుంది. అది రెండు గంటలు ఆలస్యంగా లేస్తే మీదీ అంతే ఆలస్యం, దుబాయ్‌లో మీ ఆగుదల మూడు గంటల్లోంచి గంటకు పడిపోతుంది. అలాంటప్పుడు చెకిన్ కౌంటర్ దగ్గరే తర్వాతి డాలస్ విమానం సంగతి అడగండి. దుబాయ్ వెళ్లాక అడిగేవాళ్ల వరస చాలా పొడుగు. ఆలస్యమైనా ఇంటి నుంచి మాత్రం ఆలస్యంగా కదలొద్దు, చెకిన్ మూసే సమయాన్ని వాళ్లు మార్చకపోవచ్చు.

డాలస్‌లో ఎదురుకోలుకు వచ్చేవాళ్లు విదేశీ విమానాలు దిగే టెర్మినల్ డికి రావాలి. విమానం రన్‌వే తాకిన నిమిషం చూసి పరుగెత్తనక్కర్లేదు. పక్కనే ఉన్న ఇర్వింగ్ నుంచైతే అది దిగిన అరగంటకు బయల్దేరి, విమానాశ్రయంలోని సెల్ ఫోన్ లాట్‌లో (ఫోన్ వచ్చేదాకా కారులోనే ఎదురుచూసే చోటు) కారు ఆపుకుని, పెట్టెలు చేతికొచ్చాయని ఫోన్ వచ్చాక టెర్మినల్ ముందుకు వస్తే సరిపోతుంది. అమ్మానాన్నల ఫోన్లో అంతర్జాతీయ రోమింగ్ పనిచేస్తోందో లేదో హైదరాబాద్‌లో ఉండగానే చూసుకోండి. విమానాశ్రయం వైఫైకి ఎలా కలపాలో కూడా ఒకసారి చేసి చూపించండి.